ఇంట్లో ఉన్న లోహం ఏదో తేల్చుకోవడం, తగిన పనికి వాడుకోవడం: సమగ్ర మార్గదర్శి

దసరాకు ముందు అటక దులిపినప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒక లోహపు కుప్ప బయటపడుతుంది. సొట్టలు పడిన సత్తు గిన్నె, నాయనమ్మ నాటి బిందె, విప్పి పక్కన పడేసిన నల్లా, కాలిపోయిన బోరు మోటరు తీగ, ఇన్వర్టర్ పాత బ్యాటరీ, ఏ పనికీ గుర్తురాని నాలుగు రేకు ముక్కలు అందులో ఉంటాయి. పాత సామాను కొనేవారు వచ్చి ఒక్కొక్కటి చేత్తో ఎగరేసి చూసి ధర చెప్పేస్తారు. వారికి ముప్ఫై ఏళ్ళ అలవాటు ఉంటుంది, మనకు ఉండదు. అయినా వారి చేతికి తెలిసినదంతా అయస్కాంతం, వంటింటి కాటా, ఆకురాయి, కొంచెం దారంతో మనమూ చాలావరకు తేల్చుకోవచ్చు. హనుమకొండలో మా ఇంటి పెరట్లో ఏటా నేను పాటించే క్రమాన్నే ఇక్కడ వివరిస్తున్నాను. పరీక్షల వరుసను మార్చకపోవడం మంచిది, ఎందుకంటే ఒక్కో పరీక్ష కొన్ని లోహాలను పక్కకు తప్పించి తర్వాతి పరీక్షకు పని తగ్గిస్తుంది.

ముందుగా పక్కన పెట్టవలసినవి

బ్యాటరీని ఎట్టి పరిస్థితిలోనూ విప్పకూడదు. అందులోని సీసం, సల్ఫ్యూరిక్ ఆమ్లం రెండూ ప్రమాదకరమైనవే. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీని అమ్మకందారు ద్వారానో, అనుమతి ఉన్న రీసైక్లింగ్ కేంద్రానికో చేర్చాలి. కొత్తది కొనేటప్పుడు పాతది ఇచ్చి ధర తగ్గించుకోవడమే అన్నిటికన్నా సులువైన మార్గం. రంగు పెచ్చులు ఊడుతున్న పాత కిటికీ చువ్వలను పొడిగా గరుకు కాగితంతో గీకవద్దు. ఇళ్ళకు వేసే రంగులలో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు) పరిమితం చేసే నిబంధన 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది కాబట్టి, అంతకు ముందటి రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. తీగ మీది ప్లాస్టిక్ తొడుగును కాల్చి రాగి తీసే పద్ధతి మన వీధి చివర్లలో నేటికీ కనిపిస్తుంది. ఆ పొగ పీల్చే పిల్లల గురించి ఆలోచిస్తే నాలుగు రూపాయలు తక్కువొచ్చినా తొడుగుతోనే అమ్మడం మేలు.

మొదటి మెట్టు: గీకి లోపలి రంగు చూడడం

లోహం పైన కనిపించే రంగు చాలాసార్లు పూతదో, చిలుముదో అయి ఉంటుంది. అందువల్ల కంటికి కనబడని మూల చూసుకుని, ఆకురాయితో గోరంత మేర గీకి, లోపలి తాజా లోహాన్ని పగటి వెలుతురులో చూడాలి. ఎర్రగా కనిపిస్తే రాగి. పసుపుగా కనిపిస్తే ఇత్తడి. పసుపులో కొంచెం గోధుమ ఛాయ కలిసి ఉంటే కంచు అయి ఉండవచ్చు. తెల్లగా మెరిస్తే అల్యూమినియం, తగరం, స్టీలు, నికెల్ పూత వీటిలో ఏదైనా కావచ్చు కాబట్టి అక్కడ తొందరపడి నిర్ణయానికి రాకూడదు. నీలం కలిసిన బూడిద రంగు ఉండి, గోటితో గీస్తే గీత పడి, కాగితం మీద రుద్దితే పెన్సిల్ గీతలాంటి మరక మిగిలితే అది సీసం. ఆ ముక్కను అక్కడే పెట్టి చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

రాగితీగకు ఈ గీకుడు పరీక్ష తప్పనిసరి. కొన్నేళ్ళ క్రితం మేడ మీది గదికి కరెంటు పని చేయించినప్పుడు రాగి తీగ అని చెప్పి అమ్మిన చుట్టలో అల్యూమినియం మీద రాగి పూత వేసిన తీగ వచ్చింది. రెండు వేసవులు గడిచేసరికి స్విచ్‌బోర్డు దగ్గర తొడుగు నల్లబడింది. విప్పి చూస్తే తీగ చివర పైన ఎరుపు, మధ్యలో తెలుపు. కత్తిరించిన తీగ కొసను ఆకురాయితో ఏటవాలుగా అరగదీసి ఉంటే ఆ మోసం దుకాణంలోనే తెలిసిపోయేది. బరువుతోనూ తెలుస్తుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ 90 మీటర్ల చుట్టలో 135 ఘన సెంటీమీటర్ల లోహం ఉంటుంది. అది నికరమైన రాగి అయితే తొడుగు కాక, లోహమే 1,200 గ్రాములు తూగాలి. పూత తీగలో లోహం బరువు అందులో సగం కూడా ఉండదు.

రెండవ మెట్టు: అయస్కాంతం

పాత స్పీకరు వెనుక ఉండే అయస్కాంతం దీనికి సరిపోతుంది. గట్టిగా అంటుకుంటే ఇనుము, ఉక్కు, బీడు (పోత ఇనుము) వీటిలో ఒకటి. జీఐ రేకు, నూనె డబ్బా రేకు కూడా అంటుకుంటాయి, ఎందుకంటే పైన జింకు పూతో, తగరం పూతో ఉన్నా లోపల ఉన్నది ఇనుమే. ఇత్తడి దీపపు సెమ్మె అని కొన్నది అంటుకుంటే దాన్ని ఇత్తడి పూసిన ఇనుముగా లెక్కించాలి. రాగి, ఇత్తడి, కంచు, అల్యూమినియం, జింకు, తగరం, సీసం అంటుకోవు.

స్టీలు గిన్నెల దగ్గర మాత్రం ఈ పరీక్ష చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. “అయస్కాంతం అంటుకుంటే నకిలీ స్టీలు” అనే మాట సగమే నిజం. ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం కలిస్తే పైన కంటికి కనబడని క్రోమియం ఆక్సైడు పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. స్టెయిన్‌లెస్ అనే పేరు వచ్చింది ఆ పొర వల్లనే. అందులోకి తగినంత నికెల్ చేరితే లోహపు అమరిక మారి అయస్కాంతం అంటుకోవడం మానేస్తుంది. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకం అలాంటిది. నికెల్ లేని 430 రకానికి అయస్కాంతం చక్కగా అంటుకుంటుంది, అయినా అది కూడా స్టెయిన్‌లెస్ స్టీలే. ఇండక్షన్ పొయ్యి మీద పెట్టే గిన్నె అడుగుకు అటువంటి స్టీలే కావాలి. ఇప్పుడు చలామణిలో ఉన్న స్టీలు రూపాయి బిళ్ళ అయస్కాంతానికి అంటుకునేదీ ఇందుకే. మరోవైపు నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 202 రకానికి కూడా అయస్కాంతం అంటుకోదు, కానీ ఉప్పు, పులుపు దగ్గర అది 304 అంత నిలవదు. కాబట్టి గిన్నె కొనేటప్పుడు అయస్కాంతం కన్నా అడుగున ముద్రించిన రకం సంఖ్యను నమ్మడం మంచిది. ఏ రకమైనా సరే, ఆవకాయను మాత్రం స్టీలు డబ్బాలో నెలల తరబడి ఉంచవద్దు. ఉప్పులోని క్లోరైడు ఆ రక్షణ పొరను చుక్కలు చుక్కలుగా తినేస్తుంది. పెద్దలు జాడీ వాడింది ఊరికే కాదు.

మూడవ మెట్టు: నీటిలో తూచడం

అయస్కాంతం అంటుకోని కుప్పను విడదీయడానికి దీన్ని మించిన పరీక్ష లేదు. ప్రతి లోహానికీ తనదైన సాంద్రత ఉంటుంది. ఒక ఘన సెంటీమీటరు అల్యూమినియం 2.7 గ్రాములు, జింకు 7.1, తగరం 7.3, ఇనుము 7.9, ఇత్తడి దాదాపు 8.5, రాగి 9కి కొంచెం తక్కువ, సీసం 11.3 గ్రాములు తూగుతాయి.

చేయవలసింది ఇది. వస్తువును శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, కాటా మీద తూచి బరువు రాసుకోండి. తర్వాత వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి కాటా మీద పెట్టి అంకెను సున్నాకు తెచ్చుకోండి. వస్తువుకు సన్నని దారం కట్టి, అది పూర్తిగా మునిగేటట్లు, కానీ అడుక్కీ పక్కలకీ తగలకుండా నీటిలో వేలాడదీసి పట్టుకోండి. అప్పుడు కాటా మీద కనిపించే గ్రాముల అంకె ఆ వస్తువు ఘనపరిమాణంతో సమానం. మొదటి బరువును ఈ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది.

మా ఇంట్లో రెండు నల్లాలతో చేసిన లెక్క చూడండి. రెంటి మీదా ఒకే రకమైన క్రోమియం మెరుపు ఉంది. లోపలి ప్లాస్టిక్, రబ్బరు భాగాలు తీసేశాక మొదటిది 340 గ్రాములు తూగింది, నీటిలో 40 చూపించింది. అంటే 8.5, కాబట్టి ఇత్తడి. రెండవది 268 గ్రాములు తూగింది, నీటిలో అదే 40 చూపించింది. అంటే 6.7, అది జింకు ప్రధానంగా పోతపోసిన మిశ్రమం. ఆ రెండవ నల్లా మర ఒక రాత్రిపూట గోడలోనే విరిగిపోయి, వాల్వు దొరికేలోపు స్నానాలగదిని చెరువు చేసింది కాబట్టే నేను ఈ లెక్కకు కూర్చున్నాను. జింకు పోత చూపుకు బాగుంటుంది, పిడి వరకు పనికొస్తుంది, కానీ నీటి ఒత్తిడిని మోసే మరలున్న భాగం ఇత్తడిదే కావాలి. కొనేటప్పుడు నీటిలో తూచలేం గనుక ఒకే సైజు నల్లాలను రెండు చేతుల్లో పట్టుకుని బరువు పోల్చుకోవాలి.

ఈ పరీక్షలో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. చెంబు వంటి బోలు వస్తువును ముంచేటప్పుడు లోపల గాలి బుడగ నిలిస్తే లెక్క తప్పుతుంది, కాబట్టి వంచి, తిప్పి, గాలిని పూర్తిగా వదిలించాలి. రెండవది, ఒక గ్రాము వరకే చూపే కాటాతో 100 గ్రాముల చిన్న వస్తువును తూస్తే రాగికీ ఇత్తడికీ తేడా తేలదు. కనీసం 400 గ్రాములు ఉంటే ఫలితాన్ని నమ్మవచ్చు.

ఇత్తడా, కంచా?

నీటి పరీక్ష చేతులెత్తేసే చోటు ఇది. రాగి, జింకు కలిస్తే ఇత్తడి. రాగి, తగరం కలిస్తే కంచు. వంటపాత్రల కంచులో సుమారు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరం ఉంటాయి. రెంటి సాంద్రతలూ దాదాపు ఒకటే. అందువల్ల ఇక్కడ చెవిని ఉపయోగించాలి. అంచును వేలిగోరుతో మీటితే కంచు చాలాసేపు మోగుతుంది, ఇత్తడి కాస్త మోగి ఆగిపోతుంది. కింద పడితే ఇత్తడి సొట్ట పడుతుంది, కంచు పగులుతుంది. రెండవదాన్ని పరీక్ష కోసం ఎవరూ చేయకండి. అటక మీది పాత గిన్నె అంచున సన్నని పగులు కనిపిస్తే అది కంచు అనడానికి మంచి ఆనవాలు.

ఇత్తడి గుణాన్ని కళ్ళతో చూడాలంటే జనగామ జిల్లా పెంబర్తికి వెళ్ళాలి. అక్కడి కళాకారులు ఇత్తడి రేకును సుత్తితో కొట్టి ఉబ్బెత్తు బొమ్మలు తీరుస్తారు. కొట్టేకొద్దీ ఇత్తడి గట్టిపడి, ఒక హద్దు దాటితే చీలుతుంది. అందుకని మధ్యమధ్యలో రేకును కాల్చి మళ్ళీ మెత్తబరుస్తారు. ఆదిలాబాద్ ప్రాంతపు ఓజా కళాకారులది వేరే పద్ధతి. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలోకి ఇత్తడిని పోస్తారు. లోహం ఒకటే, ఒకరు దాని సాగే గుణాన్ని వాడుకుంటే మరొకరు కరిగి పారే గుణాన్ని వాడుకుంటున్నారు.

బతుకమ్మ తాంబాలాన్ని చింతపండుతో తోమేటప్పుడు ఒక సంగతి గమనించండి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం చిలుమును కరిగిస్తుంది కాబట్టి మెరుపు వస్తుంది. కానీ రాత్రంతా పులుపులో నానబెడితే ఇత్తడిలోని జింకు కరిగిపోయి అక్కడక్కడ గులాబీ ఛాయలో రాగి మచ్చలు మిగులుతాయి. పది నిమిషాల్లో కడిగేసి తుడవాలి. పులుపు వంటకు ఇత్తడి గిన్నె వాడాలంటే లోపల కళాయి ఉండి తీరాలి. కళాయి అంటే నవాసారంతో గిన్నెను శుభ్రం చేసి వేడి మీద రుద్దే తగరం. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి కళాయి గిన్నెను ఖాళీగా మంట మీద వదిలేస్తే పూత పాడవుతుంది, తాలింపు కూడా చిన్న మంట మీదే వేయాలి. కళాయి వేసేవారు తగరానికి బదులు సీసం కలిపితే అది విషం. కాబట్టి తెలిసినవారి చేతనే, మీ ఎదుటే వేయించుకోండి.

నాల్గవ మెట్టు: ఇనుప కుప్పను నిప్పురవ్వలతో విడదీయడం

ఇనుము, ఉక్కు, బీడు మూడూ అయస్కాంతానికి అంటుకుంటాయి, వాటి తేడా అంతా కార్బన్‌లో ఉంది. కిటికీ చువ్వ వంటి మెత్తటి ఉక్కులో కార్బన్ 0.25 శాతం లోపే. కత్తులు, కొడవళ్ళ ఉక్కులో అర శాతం నుంచి ఒక శాతం దాకా. బీడులో 2 నుంచి 4 శాతం. వెల్డింగ్ దుకాణంలో గ్రైండరు చక్రానికి ఒక్క క్షణం ఆనించమని అడగండి. కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే మెత్తటి ఉక్కు నుంచి పొడవాటి, లేత పసుపు రవ్వలు తిన్నగా పోతాయి. కార్బన్ ఎక్కువైనకొద్దీ రవ్వలు కాకరపువ్వొత్తిలా చీలి పూస్తాయి. బీడు నుంచి పొట్టిగా, ఎర్రగా వస్తాయి. అల్యూమినియాన్ని మాత్రం ఆ చక్రానికి పెట్టనివ్వకండి. దాని నుంచి రవ్వలు రావు సరికదా, రాయి కళ్ళు పూడుకుపోయి చక్రం పాడవుతుంది.

ఈ తేడా తెలిస్తే వాడుక దానంతటదే తెలుస్తుంది. బీడు దోసె పెనం వేడిని పట్టి ఉంచుతుంది, కానీ వేడిగా ఉండగా చన్నీళ్ళు పోస్తే పగులుతుంది. మెత్తటి ఉక్కు వంగుతుంది, వెల్డింగుకు లొంగుతుంది, పదును నిలవదు. అందుకే మన కమ్మరులు కొడవలికీ గొడ్డలికీ లారీ కమాను పట్టీని వెతుకుతారు. అందులో కార్బన్ అర శాతానికి పైగా ఉండి, ఎర్రగా కాల్చి ముంచితే గట్టిపడుతుంది. ఇల్లు కట్టేవారు చూసే ఎఫ్ఈ 500 సలాకలో ఆ సంఖ్య కార్బన్‌ది కాదు. చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్ల బలం దాకా సాగిపోకుండా నిలబడుతుందని దాని అర్థం.

ఉక్కు సంగతి వచ్చినప్పుడు నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రాన్ని తలచుకోకుండా ఉండలేను. అక్కడ మట్టి మూసలలో ఇనుమును కార్బన్‌తో కరిగించి, ఒక శాతానికి పైగా కార్బన్ ఉన్న ఉక్కు ముద్దలను తీసేవారు. ఆ ముద్దల కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు.

అల్యూమినియం, జింకు: రెండు తెల్లని లోహాలు, రెండు రకాల జాగ్రత్తలు

సత్తు గిన్నె, సిల్వర్ గిన్నె అని మనం పిలిచేది అల్యూమినియం. వెండితో దానికి ఏ సంబంధమూ లేదు. గాలి తగలగానే దాని మీద పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది, అదే దానికి కవచం. పులుపూ క్షారమూ రెండూ ఆ పొరను కరిగిస్తాయి. కాబట్టి అన్నం, పాలు వండుకోవచ్చు గానీ పచ్చిపులుసును అందులో రాత్రంతా నిలవ ఉంచకూడదు, చాకలి సోడాతో తోమకూడదు. కరెంటును మోయడంలో అల్యూమినియం రాగిలో 61 శాతమే అయినా, అంతే కరెంటు మోసే తీగను దానితో చేస్తే రాగి తీగ బరువులో సగం సరిపోతుంది. రామగుండం నుంచి సాగే పెద్ద లైన్లలో ఉక్కు నడిమి తీగ చుట్టూ అల్యూమినియం తీగలు పేనింది ఇందుకే.

బోరు మోటరు ఉన్న రైతులు ఒకటి గుర్తుంచుకోవాలి. స్తంభం నుంచి వచ్చే అల్యూమినియం తీగను మోటరు రాగి తీగతో నేరుగా మెలివేస్తే, తేమ తగిలినప్పుడు ఆ అతుకు దగ్గర అల్యూమినియం తినుకుపోయి తెల్లటి పొడి రాలుతుంది. అతుకు వదులై వేడెక్కుతుంది, ఒక ఫేజు పోతుంది, మోటరు కాలుతుంది. రెండు లోహాలకూ సరిపోయే బైమెటల్ లగ్గు (తీగ కొసకు బిగించే తొడుగు) ధర వైండింగు ఖర్చు ముందు లెక్కలోకి రాదు. వైండింగుకు ఇచ్చినప్పుడు కాలిన రాగిని తూచి వెనక్కి అడగడం, లేదా దాని ధరను బిల్లులో తగ్గించమనడం మీ హక్కు.

జింకును మనం విడిగా చూడం, జీఐ రేకు మీదనే చూస్తాం. దాదాపు 450 డిగ్రీల కరిగిన జింకులో ముంచి ఆ పూత వేస్తారు. గీత పడినా జింకు తాను ముందు తుప్పు పట్టి ఇనుమును కాపాడుతుంది. రేకులను వానలో ఒకదాని మీద ఒకటి దొంతరగా వదిలేస్తే మాత్రం తెల్లటి బూజులా పొంగుతుంది, కాబట్టి గాలి ఆడేలా ఏటవాలుగా నిలబెట్టాలి. జీఐ బకెట్టులో మజ్జిగ, పులిహోర పులుసు పోయకూడదు. జీఐ పైపును వెల్డింగ్ చేసేటప్పుడు వచ్చే తెల్లటి పొగ పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే పోతుందని వెల్డర్లు నమ్ముతారు గానీ, పైపూతను ముందే గీకేసి, గాలి వాటం చూసుకుని నిలబడడమే అసలు ఉపాయం.

అర్ధలోహాలు: కుప్పలో కనబడకుండా ఉన్నవి

లోహంలా మెరుస్తూ గాజులా పెళుసుగా ఉండే మూలకాలు కొన్ని ఉన్నాయి. వాటిని విడి ముక్కగా మీరు అటక మీద చూడరు, కానీ ఇల్లంతా ఉంటాయి. సిలికాన్ వాటిలో ముఖ్యమైనది. భూమి పైపొర బరువులో పావుకు పైగా అదే, హనుమకొండ గుట్టల రాళ్ళలోనూ ఆక్సిజన్ తర్వాత దానిదే పెద్ద పాలు. శుద్ధిచేసిన సిలికాన్‌ను మిల్లీమీటరులో ఐదో వంతు కూడా లేని పలకలుగా కోసి సోలార్ ప్యానెల్ చేస్తారు. రామగుండం జలాశయం మీద 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలియాడే సోలార్ కేంద్రంలో పనిచేసేది సౌరఫలకాలే. వేడెక్కితే వాటి ఉత్పత్తి తగ్గుతుంది కాబట్టి మేడ మీద బిగించేటప్పుడు ప్యానెల్ కింద గాలి ఆడే ఎడం వదిలించండి, పైకెక్కి తొక్కవద్దు. నల్లా అతుకులకు పూసే సిలికోన్ జిగురు వేరు. పేరు దగ్గరగా ఉన్నా అది రబ్బరు వంటిది, లోహం కాదు.

బోరాన్ మనకు వెలిగారం రూపంలో పరిచయం. కరీంనగర్ వెండి తీగపనివారు సన్నని తీగలను అతికేటప్పుడు వెలిగారం వాడితే అది కరిగి మీద పరుచుకుని, గాలి తగలనివ్వక, అతుకు శుభ్రంగా పడేలా చేస్తుంది. వేడిని తట్టుకునే గాజు గిన్నెలలోనూ బోరాన్ ఉంటుంది. ఆంటిమొని బ్యాటరీలోని మెత్తటి సీసం పలకలను గట్టిపరుస్తుంది. జెర్మేనియంతో 1947లో తొలి ట్రాన్సిస్టరు చేశారు, ఇప్పుడది ఎక్కువగా వేడిని చూసే కెమెరాల కటకాలలో ఉంది. ఆర్సెనిక్ విషం. పాత పురుగుమందు డబ్బాను కడిగి వాడుకోవాలనే ఆలోచనే రానివ్వకండి.

చివరి మెట్టు: విడదీసి సంచులకెత్తడం

పరీక్షలు అయ్యాక రాగి, ఇత్తడి, కంచు, అల్యూమినియం, స్టీలు, ఇనుము, బీడు వేరు వేరు సంచులలో కట్టి, బరువు తూచి, సంచి మీద రాసి పెట్టుకోండి. కలిపి అమ్మితే కొనేవారు అన్నిటిలోకీ తక్కువ ధరనే కడతారు. ఇత్తడి నల్లాలోంచి ఇనుప మరలను తీసేయండి, తీగను ముక్కలు చేయకండి. మా అటక మీది బిందెను ఇంటిల్లిపాదీ ఇన్నేళ్ళు కంచు అనుకున్నాం. మీటితే మోగలేదు, అంచున సొట్ట ఉంది, పగులు లేదు. ఇత్తడి అని రాసి, కళాయి వేసేవారి కోసం పక్కన పెట్టాను.